ఎడమ పక్క ఫుల్ బ్యాక్

ఫ్యాక్టరీ హాకీ జట్టులో నేను ఎనిమిదేళ్ళ దాకా ఆడాను. రైట్ ఫుల్ బ్యాక్‌ని. అంటే గోల్ కీపర్‌కు ముందర, కుడి పక్క నిలబడి, బంతి తీసుకొని మీదికి వచ్చేవాళ్ళను ఆపేవాణ్ణి. ఆ కాలంలో జట్టుకు ముందర ఐదుగురు ఫార్వర్డులు, నడుమ ముగ్గురు హాఫులు, వెనక మేమిద్దరమే ఉండేవాళ్ళం. జనం చప్పట్లు కొట్టేది ఫార్వర్డులకు. మేము గుర్తొచ్చేది మా మీద గోల్ పడినప్పుడు. ఇది ఫిర్యాదుగా చెప్పడం లేదు. నాకు ఆ జాగా ఇష్టంగానే ఉండేది. నా ఎడమ పక్కన నిలబడిన మనిషి వల్ల ఇంకా ఇష్టమయింది. ఈ రాసేది ఆయన గురించి. పేరు రాయను. ఆయన ఇంటివాళ్ళు ఉన్నారు.

మాది మైసూరు రాష్ట్రంలో కబ్బన్‌పేట, ఊరి నడుమ నేతవాళ్ళ పేట. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. నాన్న, చిన్నాన్న పట్టుచీరలు నేసేవాళ్ళు. నేనూ ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చోవలసినవాణ్ణే. స్కూల్లో డ్రిల్లు మాస్టరు ఒక పాత కర్ర చేతికిచ్చి గోల్ ముందర నిలబెట్టాడు. ఆ తర్వాత మగ్గం మీద మనసు నిలవలేదు. ఊరి బయట కొత్తగా లేచిన పెద్ద ఫ్యాక్టరీలు ఆటగాళ్ళను వెతికి మరీ పనిలో పెట్టుకుంటున్న రోజులవి. ఒక లీగ్ మ్యాచ్‌లో చూసి నన్నూ పిలిచారు. కార్డు మీద ఫిట్టర్ అని రాశారు. పొద్దున స్టోర్స్‌లో కూర్చోవడం, మధ్యాహ్నం ఊట తిన్నాక గ్రౌండ్‌కు పోవడం, అదీ నా ఉద్యోగం.

నాన్నకు చెబితే పట్టు దారం చుట్టే ఆసు పక్కన పెట్టి నా మొహం చూశాడు.

"కర్ర పట్టుకొని పరిగెత్తితే నౌకరీ ఇస్తారా?"

"ఇస్తారు నాయనా."

"ఎన్ని దినాలు పరిగెత్తుతావు?"

ఆ ప్రశ్న ఆయన మళ్ళీ అడగలేదు. నా ఆట చూడడానికి ఒక్కసారి కూడా రాలేదు.

మొదటి రోజు గ్రౌండ్‌కు వెళ్ళేసరికి ఎడమ పక్క ఫుల్ బ్యాక్ గోల్ స్తంభానికి ఆనుకొని కూర్చొని కర్రకు గుడ్డ పట్టీ చుట్టుకుంటున్నాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పొడుగు మనిషి, నల్లగా, నిదానంగా. తెలుగు మాట వినబడగానే తలెత్తాడు. "మనోడివేనా? ఏ ఊరప్పా?" అన్నాడు. ఆయనది హొసకోటె పక్కన పల్లె. రాగి, ఉలవలు పండించే ఇల్లు. హలసూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడట. అక్కడ మిలిటరీ వాళ్ళు ఆడే మైదానం గోడ పక్కనే స్కూలు. బంతి గోడ దాటి వస్తే తిరిగి కొట్టి కొట్టి ఆట నేర్చుకున్నానని చెప్పి నవ్వాడు. నేను ఆ రోజునుంచే ఆయనను అన్నా అని పిలిచాను.

హాకీ తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. కర్రకు చదునైన మొహం ఒక పక్కే ఉంటుంది. అందుకని కుడి చేతి వైపు వచ్చే బంతిని ఆపడం సులువు. ఎడమ చేతి వైపు నుంచి దాటిపోయే బంతిని ఆపాలంటే అంతలోనే మణికట్టు తిప్పి కర్ర తిరగేయాలి. ఎదుటి జట్టులో మంచి ఆటగాడు ఎక్కువగా ఆ పక్కనుంచే వస్తాడు. ఎడమ ఫుల్ బ్యాక్ పని అంత కష్టం. ఆ పనిని ఆయన ఇంటి ముందర అరుగు మీద కూర్చున్నంత తీరుబడిగా చేసేవాడు. నేను ఎదుటివాడు కనబడగానే ఉరికి పోయి మీద పడేవాణ్ణి. వాడు పక్కకు తప్పుకొని నన్ను దాటి పోయేవాడు.

"నువ్వు పోయి పడొద్దప్పా," అనేవాడు ఆయన. "గోల్ కొట్టాల్సింది వాడు. తొందర వానికి ఉండాది. నీకెందుకు?"

ఆ మాట నాకు తలకెక్కడానికి ఏడాది పట్టింది. ఆయన మాత్రం విసుక్కోలేదు. ప్రాక్టీసు అయినాక అందరూ పోయినా మేమిద్దరం ఉండేవాళ్ళం. ఆయన బంతి తీసుకొని మీదికి వచ్చేవాడు, నేను వెనక్కి వెనక్కి నడుస్తూ ఆపాలి. గ్రౌండ్ అంతా ఎర్ర మొరం. పడితే మోకాలు చెక్కుకుపోయేది. ఇంటికి పోతే అమ్మ పసుపు పెట్టి తిట్టేది. రెండో ఏటికి మా ఇద్దరికీ మాటలు అక్కరలేకుండా పోయాయి. ఆయన ముందుకు పోతే నేను నడుమకు జరిగేవాణ్ణి, నేను పోతే ఆయన జరిగేవాడు. బంతి మా ఇద్దరి నడుమకు వచ్చినప్పుడు మాత్రం ఒకరు అరవాలి. అరిచినవాడిదే బంతి. రెండోవాడు వదిలేయాలి. మా మధ్య ఉన్న కట్టుబాటు అదొక్కటే.

ఆదివారాలు కొన్నిసార్లు ఆయనతో పల్లెకు వెళ్ళేవాణ్ణి. వాళ్ళమ్మ సంగటి ముద్ద, ఉలవచారు పెట్టి, "తిను నాయనా, మావాడు నిన్ను బాగా పరిగెత్తిస్తాడంట కదా," అనేది. ఆయన పెళ్ళికి మూడు రోజుల ముందే వెళ్ళి పందిరి వేయడానికి చెయ్యి వేశాను. వదిన మాలూరు దగ్గరి పిల్ల. తక్కువ మాట్లాడేది, అడిగితే సూటిగా అడిగేది. ఏడాది తిరిగేలోపల వాళ్ళకు కూతురు పుట్టింది.

అది నా నాలుగో ఏడు. మైసూరు రాష్ట్ర జట్టుకు ఆటగాళ్ళను ఎంచేవాళ్ళు మా లీగ్ మ్యాచ్ చూడడానికి వస్తారని తెలిసింది. మా ఫ్యాక్టరీనుంచి ఒక్క ఫుల్ బ్యాక్‌నే తీసుకుంటారని కూడా చెప్పుకున్నారు. అందరి లెక్కలో అది ఆయనకే. నా లెక్కలోనూ అంతే అని చెప్పాలని ఉంది. చెప్పలేను. ఆ వారమంతా స్టోర్స్‌లో కూర్చొని, రాష్ట్రం జెర్సీ వేసుకొని కబ్బన్‌పేట సందులో నడిచినట్టు ఊహించుకున్నాను. మగ్గాల చప్పుడు ఆగి అందరూ చూసినట్టు.

మ్యాచ్ రోజు ఆయన ఎప్పటిలాగే ఆడాడు. నేను ఎప్పటికంటే ఎక్కువ ఆడాను. నాది కాని బంతికి కూడా పోయాను. సగం ఆటలో నీళ్ళు తాగుతుంటే ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "నిదానమప్పా, వాళ్ళకు కండ్లు ఉండాయి, చూస్తారు," అన్నాడు.

రెండో సగంలో ఎదుటివాళ్ళు కొట్టిన బంతి మా గోల్ కీపర్ ప్యాడ్లకు తగిలి గోల్ ముందరే నడుమకు దొర్లింది. ఎదుటి సెంటర్ ఫార్వర్డ్ దానికి చాలా దూరంలో ఉన్నాడు. ఎడమనుంచి ఆయన వస్తున్నాడు. "వదులప్పా, నాది!" అని అరిచాడు.

నేను విన్నాను.

ఆయన వైపు చూశాను కూడా. అయినా బంతి నాకు ఒక అడుగు దగ్గరగా ఉంది, ఎంచేవాళ్ళు కూర్చున్న కుర్చీలు సరిగ్గా ఆ పక్కనే ఉన్నాయి. బలం కొద్దీ కొట్టాను. బంతి మొరంలో ఏదో రాయికి తగిలి లేచింది. ఆయన దాన్ని ఆపడానికి అప్పటికే నడుం వంచి, తల కిందికి పెట్టి ఉన్నాడు. దెబ్బ తగిలిన చప్పుడు కర్రకు తగిలినట్టు లేదు. ఆయన కర్ర వదిలేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరవలేదు. రెండు చేతులూ ఎడమ కంటి మీద పెట్టుకొని, "ఏమైందప్పా, ఏమైంది?" అని నన్నే అడిగాడు. వేళ్ళ సందులోంచి నెత్తురు మోచేతి దాకా కారింది.

జీపులో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలో కెప్టెన్ నన్ను అడిగాడు. "ఆయన పిలిచినాడు కదా? మాకంతా వినబడింది."

"నాకు వినబడలేదు," అన్నాను.

అంత సులువుగా వచ్చింది ఆ మాట. ఆయన తల నా ఒడిలోనే ఉంది. గుడ్డ కింద ఆయన మొహం నాకు కనబడలేదు. ఆయన విన్నాడో లేదో తెలియలేదు.

రెండు రోజులు చూసి డాక్టరు, ఆ కన్ను తీసేయాలన్నాడు. ఉంచితే రెండో కంటికి కూడా ముప్పు అన్నాడు. వదిన చంకలో బిడ్డతో గోడకు ఆనుకొని నిలబడి వింది. వాళ్ళమ్మ నేల మీద కూర్చుండిపోయింది. మూడో రోజు నాన్న ఆసుపత్రికి వచ్చాడు. నా ఆట ఏనాడూ చూడని మనిషి, కబ్బన్‌పేటనుంచి నడిచి వచ్చి, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చొని, ఆయన చెయ్యి తన చేతిలో పెట్టుకున్నాడు. ఒక పూటంతా అలాగే కూర్చున్నాడు. కంటితో బతికే పని నాన్నది. బయటికి వచ్చాక నాతో, "కావాలని చేసింది కాదు కదా?" అన్నాడు.

"కాదు నాయనా."

అది నిజమే. కానీ నాన్న అడగాల్సిన ప్రశ్న అది కాదు. అడగాల్సింది నాకు తెలుసు, చెప్పలేదు.

ఆ ఏడు రాష్ట్ర జట్టుకు నన్ను తీసుకున్నారు.

ఆయనను ఫ్యాక్టరీ వదులుకోలేదు. గేటు దగ్గర టైమ్ ఆఫీసులో కూర్చోబెట్టారు. వచ్చేపోయేవాళ్ళ కార్డులు చూసే పని. గాజు కన్ను పెట్టించారు, అది కొంచెం చిన్నదై ఎప్పుడూ వేరే ఎటో చూస్తున్నట్టు ఉండేది. రోజూ పొద్దున నేను కార్డు చూపిస్తే, "ఏమప్పా, నిన్న ఎట్లా ఆడినారు?" అని అడిగేవాడు. మొదట్లో మ్యాచ్‌లకు వచ్చేవాడు. తాడు అవతల జనంలో నిలబడి, తల ఒక పక్కకు తిప్పి చూసేవాడు. తర్వాత తర్వాత రావడం మానేశాడు. బంతి ఎంత దూరంలో ఉందో తెలియడం లేదప్పా, బేజారవుతుంది అన్నాడు.

ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయనే నాకు మజ్జిగ పోశాడు. లోటా అంచుకు చూపుడు వేలు ఆనించి, ఆ వేలిని గురుతు పెట్టుకొని చెంబు వంచాడు. లేకపోతే బయట పడుతుందన్నమాట. ఆయన చేతుల గురించి నాకు తెలుసు. గాలిలో లేచిన బంతిని కర్ర మొన మీద ఆపిన చేతులవి. నేను మజ్జిగ తాగలేక లోటా పట్టుకొని కూర్చున్నాను.

నేను లేచేటప్పుడు వదిన వాకిలి దాకా వచ్చింది. ఆయన లోపల బిడ్డను ఆడిస్తున్నాడు.

"ఒక మాట అడగొచ్చా?" అంది. "ఆయన పిలిచినానంటాడు. మీకు వినబడలేదంటారు. నిజంగా వినబడలేదా?"

"లేదు వదినా."

ఆమె నా మొహం చూసింది. "సరే," అంది. "నాకు ఆ మాట మీ నోటినుంచి వినాలనిపించింది. ఆయన కూడా అదే చెప్తాడు. మీకు వినబడి ఉండదని."

రెండేళ్ళకు ఆయన నౌకరీ వదిలి పల్లెకు పోయాడు. వాళ్ళ నాయన చనిపోయాడు, పొలం చూసుకోవాలి అని చెప్పాడు. గేటు దగ్గర కూర్చొని మాజీ ఆటగాడిగా రోజూ పలకరింపులు భరించడం కష్టమైందని నాకనిపించింది. ఆ టైమ్ ఆఫీసు కిటికీలో మరో మనిషి కూర్చున్న పొద్దున, దేవుడా, నాకు కొంచెం తేలికగా అనిపించింది. అది కూడా రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

నా ఆట మాత్రం బాగుపడలేదు. రాష్ట్రానికి నాలుగేళ్ళు ఆడాను. ఊళ్ళు తిరిగాను, ఫోటోలు తీశారు. కానీ పక్కవాడు "నాది!" అని అరిస్తే చాలు, నా చేతులు బిగుసుకుపోయేవి. ఒక మ్యాచ్‌లో కొత్త ఎడమ ఫుల్ బ్యాక్ అరవబోయి ఆగాడు, నేను కొట్టకుండా ఆగాను, బంతి మా ఇద్దరి నడుమనుంచి మెల్లగా దొర్లి గోల్‌లోకి పోయింది. జనం నవ్వారు. కెప్టెన్ తిట్టాడు. నేను గోల్ స్తంభం పట్టుకొని నిలబడ్డాను. ఆయన దగ్గరికి పోయి చెప్పేస్తే గానీ నేను బతకలేననిపించింది.

తర్వాతి ఆదివారమే హొసకోటె బస్సెక్కాను. అక్కడినుంచి పల్లెకు నడక. ఆయన పొలంలో ఉలవలు కోయించి కుప్ప వేయిస్తున్నాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. తలగుడ్డ విప్పి గట్టు మీద పరిచి, "కూర్చోప్పా," అన్నాడు. ఆట గురించి అడిగాడు. ఆ కొత్త పిల్లగాడు ఎట్లా ఆడుతున్నాడు, గోల్ కీపర్ మోకాలు నయమయిందా, అన్నీ అడిగాడు. నేను నిలబడే చెప్పాను.

"అన్నా, ఆ దినం నువ్వు పిలిచింది నాకు వినబడింది."

ఆయన కొడవలి మొనతో మట్టిలో గీతలు గీస్తూ ఉండిపోయాడు.

"విని కూడా కొట్టినా. వాళ్ళు చూస్తున్నారని కొట్టినా. తర్వాత అందరికీ అబద్ధం చెప్పినా. వదినకు కూడా."

కోసేవాళ్ళు దూరంగా ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆయన తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, పోనీలేప్పా అంటాడని కూడా అనుకున్నాను. ఆ మాట కోసమే బస్సెక్కి వచ్చాను.

"ఎందుకు చెప్పినావు?" అన్నాడు చివరికి.

"మోయలేకపోయినా అన్నా."

"నీ బరువు దిగింది." గొంతు పెంచలేదు. "నేను ఇన్ని దినాలు ఎట్లా ఉండానో తెలుసా? గాలి ఆ పక్కకు ఉండిందేమో, జనం గలాటాలో వినబడలేదేమో, అని ఒకటి పెట్టుకొని ఉండా. నువ్వు నా వైపు చూసింది నేను చూసినా. రెండు కండ్లతో చూసినా. అయినా వినబడలేదేమో అనుకునేదానికి రవంత జాగా ఉండె. ఆ జాగాలో బతికినా. అది కూడా తీసేసుకుంటివి."

నేను కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది. ఆయన నన్ను ఓదార్చలేదు.

"ఇంటికి పోయి ఆమెకు ఏం చెప్పాల నేను? నిన్నటిదాకా నేను చెప్పింది నాకే తెలియని మాట. రేపటినుంచి చెప్తే అబద్ధం." లేచి కొడవలి తీసుకున్నాడు. "అమ్మ దగ్గర అన్నం తినిపో. వచ్చినోడు తినకుండా పోతే అడుగుతారు. తిని పో. ఇంక రావొద్దప్పా."

వెళ్ళాను. వాళ్ళమ్మ ముద్ద పెట్టింది. వదిన చారు వడ్డించి, "ఏం చిక్కిపోయినారు?" అంది. ఆయన ఇంటికి రాలేదు. నేను ఆ ముద్ద మింగిన విధం నాకే తెలుసు.

మర్నాడు కెప్టెన్‌తో ఉన్నదంతా చెప్పాను. అతను కిటికీ వైపు చూస్తూ విని, "పాత కథ. ఎవరికీ చెప్పొద్దు. శనివారం మ్యాచ్ ఉంది," అన్నాడు. శనివారం నేను పోలేదు. జెర్సీ, ప్యాడ్లు స్టోర్స్‌లో అప్పగించేశాను. మోకాలి నొప్పి అని అందరూ అనుకున్నారు, నేనూ కాదనలేదు. ముప్పై దాటిన వయసులో, కార్డు మీద రాసిన ఫిట్టర్ పనికి, ఆకురాయి పట్టడం నేర్చుకున్నాను, పక్క బెంచీలో నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ దగ్గర. నాన్న అప్పటికి మంచం పట్టాడు. ఆట మానేశానంటే, "దెబ్బ తగిలిందా?" అని ఒక్క మాట అడిగి, తగల్లేదంటే కళ్ళు మూసుకున్నాడు.

అన్నను ఆ తర్వాత ఒక్కసారే చూశాను. కొన్నేళ్ళ తర్వాత, సిటీ మార్కెట్ పక్కన బస్సుల దగ్గర. మధ్యాహ్నం. కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్లకు ఎనిమిదేళ్ళుంటాయి. చేతిలో కొత్త పలక, గుడ్డ సంచీ. ఆయనకు జుట్టు నెరిసింది. బస్సు బోర్డులు చదవడానికి తల తిప్పుకుంటూ, పిల్లను గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు. నేను ఆయనకు ఎడమ పక్కన ఉన్నాను. ఆరడుగుల దూరం కూడా లేదు. ఆయనకు నేను కనబడను.

నాలుగడుగులు అటు నడిస్తే కనబడతాను. అన్నా అంటే తిరుగుతాడు. నేను నడవలేదు, పిలవలేదు. రావొద్దన్నాడు కాబట్టి అని అప్పుడు అనుకున్నాను. భయం అని ఇప్పుడు అనుకుంటాను.

పిల్ల నన్ను చూసింది. ఒక పెద్దమనిషి తన తండ్రినే చూస్తూ కళ్ళు తుడుచుకోవడం ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. తండ్రి చెయ్యి లాగి ఏదో చెప్పబోయింది. అంతలో హొసకోటె బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. ఆయన పిల్లను ముందు ఎక్కించి, కమ్మీని చేత్తో తడిమి పట్టుకొని, తర్వాత తానెక్కాడు. బస్సు కదిలి మలుపు తిరిగేదాకా చూసి, నేను కబ్బన్‌పేట వైపు నడిచాను.